గంట వెనకబడ్డ వీసీఆర్

"నువ్వుగానీ దీన్ని ముట్టుకున్నావా?" అని అడిగింది ఇంటావిడ. 2007 మార్చి, న్యూజెర్సీ. ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆదివారం రాత్రి ఎనిమిదింటి టీవీ ప్రోగ్రామ్ టేపు మీద రికార్డయ్యేలా వీసీఆర్‌కి టైమర్ పెట్టుకుందట. తెల్లారి టేపు వేసి చూస్తే తొమ్మిదింటి ప్రోగ్రామ్ ఉంది. వీసీఆర్ గడియారం గంట వెనక నడుస్తోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం, పైగా నేను కంప్యూటర్ల మనిషిని. ఇంకేం కావాలి!

అలా అడగడం మన ఇళ్ళల్లోనూ ఉంది. కానీ అందులో చనువుంటుంది. ఆవిడ గొంతులో నాకు అద్దె అగ్రిమెంటు వినిపించింది.

అసలు ఫిబ్రవరంతా ఆఫీసులో నేను చేసింది ఈ గడియారాల పనే. అమెరికాలో వేసవికి గడియారాలు గంట ముందుకి, చలికాలానికి మళ్ళీ వెనక్కి జరుపుతారు, దాన్నే డేలైట్ సేవింగ్ అంటారు. 2005లో వచ్చిన ఇంధన చట్టం వల్ల, 2007 నుంచి ఆ గడియారాలు ఏప్రిల్ మొదటి ఆదివారం బదులు మార్చి రెండో ఆదివారమే గంట ముందుకు జరగాలి. మళ్ళీ వెనక్కి రావడం అక్టోబర్ చివరి ఆదివారం కాదు, నవంబర్ మొదటి ఆదివారం. విండోస్‌కి, జావాకి, ఇంకా సవాలక్ష వాటికి ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్ సవరణలు, వేశాం. మార్చి 11 దాకా ఆఫీసంతా టెన్షనే. సర్వర్లన్నీ సరిగ్గా మారాయి. అలాంటివాణ్ణి పట్టుకుని వీసీఆర్ ముట్టుకున్నావా అంటే ఒళ్ళు మండదూ?

ఆ వీసీఆర్‌కి ప్యాచ్ వేసే దారి లేదు. ఫ్యాక్టరీలో ఎక్కించిన పాత కేలెండరే దాని లోకం. కొన్ని వీసీఆర్లు పబ్లిక్ టీవీ స్టేషన్ పంపే సిగ్నల్‌లోంచి టైమ్ పట్టుకునేవి. బొమ్మకి పైన, కంటికి కనపడని 21వ లైన్లో, క్యాప్షన్లతో పాటే వచ్చేదది. స్టేషన్ వాళ్ళ గడియారం తప్పితే ఇక్కడా తప్పే. ఆవిడది ఆ రకం కాదు, కేలెండర్ని నమ్ముకున్నది. కాబట్టి దాని లెక్కలో ఇంకా చలికాలమే.

నన్నడిగితే, ఏటా రెండుసార్లు దాదాపు దేశమంతా గడియారాల ముళ్ళు తిప్పుకోవడమే వింత. యుద్ధం రోజుల్లో, 1942లో, తెల్లదొరలు మన దగ్గరా గంట ముందుకు జరిపారు, 1945లో మానేశారు. అరుణాచల్‌లో పొద్దు పొడిచిన దాదాపు రెండు గంటలకి గానీ గుజరాత్ చివర తెల్లారదు, అయినా అందరికీ ఒకటే టైమ్. తూర్పువాళ్ళకి అది ఇబ్బందే, కాదనను. కానీ అమెరికాలో గడియారం జరిపినప్పుడల్లా అవస్థ మనవాళ్ళకే. మా పొద్దున ఎనిమిదింటి కాల్‌కి హైదరాబాద్ టీమ్ సాయంత్రం ఆరున్నరకి కూర్చునేది, మర్నాటి నుంచి ఐదున్నరకే కూర్చోవాలి. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు. రిమోట్ అడిగి తీసుకుని మెనూలోకి వెళ్ళాను. గంట కలిపేసి ఊరుకుంటే సరిపోదు. డేలైట్ సేవింగ్ ఆన్‌లోనే ఉంటే ఏప్రిల్ 1న పాత అలవాటు కొద్దీ అదే ఇంకో గంట ముందుకి దూకుతుంది. అందుకని ముందు దాన్ని ఆఫ్ చేశాను. ఆ తర్వాత టైమ్ పెట్టాను, ఏఎమ్ పీఎమ్ చూసుకుని మరీ. వెనక్కి జరపాల్సిన తారీఖు, నవంబర్ 4, ఓ చీటీ మీద రాసి టీవీ పక్కన అంటించాను.

ఆవిడ చేతి వాచీతో పోల్చి చూసుకుంది. సారీ అంటుందేమోనని కాస్త నిలబడ్డాను.

"స్టవ్ మీద గడియారం కూడా గంట వెనకే ఉంది, చూస్తావా?" అంది.

దానికి కేలెండర్ గొడవ లేదు. రెండు బటన్లు నొక్కితే అయిపోయింది.