అడ్సన్ టెస్ట్‌ని నమ్మి తిన్న దెబ్బ

నీట్ పీజీకి చదువుతున్నవాళ్లు థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్‌ని (మెడకీ చంకకీ మధ్య నరాలో రక్తనాళాలో నొక్కుకుపోయే జబ్బు) 'ఒక్క ప్రశ్నేగా' అని వదిలేస్తారు. నేనూ అంతే. మాక్ టెస్ట్‌లో వచ్చింది: యువతికి బొటనవేలి మొదట్లో కండ తగ్గింది, చిటికెన వేలు, ముంజేయి లోపలి వైపు తిమ్మిరి. 'థీనార్' (ఆ బొటనవేలి కండ పేరు) అన్న మాట కనబడగానే కార్పల్ టన్నెల్ కొట్టేశాను. నాలుగు మార్కులు రాకపోగా ఒకటి మైనస్.

కార్పల్ టన్నెల్ అంటే మీడియన్ నరం మణికట్టు దగ్గర నొక్కుకోవడం. మరి చిటికెన వేలికి తిమ్మిరెందుకు? కండ మీడియన్‌ది, తిమ్మిరి అల్నార్ (చిటికెన వేలి) వైపుది. రెండూ కలిసేది పైన, మెడ దగ్గరి నరాల గుత్తిలోని లోయర్ ట్రంక్‌లో, అంటే వెన్ను నుంచి వచ్చే సీ8, టీ1 నరాలు కలిసేచోట. కాబట్టి జవాబు థొరాసిక్ ఔట్‌లెట్. నర్వ్ కండక్షన్ పరీక్షలో మీడియన్ సెన్సరీ (స్పర్శ పోగులు) నార్మల్‌గా రావడానికీ కారణం అదే, ఆ పోగులు సీ6, సీ7 నుంచి వస్తాయి.

అసలు తమాషా తర్వాత జరిగింది. చెన్నై కోట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీలో గంటల తరబడి కూర్చుని నా ఎడమ చిటికెన వేలే మొద్దుబారడం మొదలైంది. టెన్షన్‌తో, ఈ జబ్బుని పట్టడానికి చేసే అడ్సన్ టెస్ట్ చేసుకున్నా: తల అటు తిప్పి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి నాడి చూస్తే, లేదు! రూమ్‌కి వెళ్లి నెల్లూరు ఫ్రెండ్‌కి చేశా. వాడి నాడీ మాయం. "ఒరేయ్, నాకూ ఉందంటావా?" అన్నాడు. వాడికి ఏ బాధా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి నాడి అలా ఆగుతుందని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

ఎక్స్‌రేలో సర్వైకల్ రిబ్ (మెడ దగ్గర అదనపు పక్కటెముక) కనిపించినా తొందరపడొద్దు. నూటికి ఒక్కరికి కూడా ఉండదు, ఉన్నవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. ఈ జబ్బులో చెయ్యి వాచి నీలంగా మారితే నొక్కుకున్నది సిర, చల్లబడి పాలిపోతే ధమని. వీటిని డాప్లర్, సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే స్కాన్‌లు) పట్టిస్తాయి. కానీ 90 శాతానికి పైగా కేసులు నరానివే, అందులోనూ చాలావాటిలో నొప్పి తప్ప పరీక్షల్లో ఏమీ దొరకదు. డాక్టర్లే వాదించుకునేది ఇక్కడే. మెడ డిస్క్ సమస్యా, పాన్‌కోస్ట్ ట్యూమరూ (ఊపిరితిత్తి పైకొనలో వచ్చే క్యాన్సర్) కావని ముందు తేల్చుకోవాలి.

ఇంతకీ నాది? ముంజేయికి స్పర్శ బాగానే ఉంది, తిమ్మిరి చేతి వేళ్ల దగ్గరే. మోచెయ్యి బల్లకి ఆనించి చదవడం వల్ల అక్కడ అల్నార్ నరం నొక్కుకుందని ఆర్థో సార్ తేల్చారు. ఇప్పుడు మోచేతి కింద తువ్వాలు మడిచి పెట్టుకుంటున్నా. తిమ్మిరి పోయింది. ఆ ప్రశ్న మాత్రం మళ్లీ ఏ మాక్‌లోనూ రాలేదు.