ఒక్క పన్నే ఎందుకు నల్లబడింది?

"టీలు తగ్గించుకోండి సార్."

రెండేళ్ళలో రెండుసార్లు క్లీనింగ్ చేసి ఆ డాక్టర్ చెప్పింది ఇంతే. ఎక్స్‌రే తీయలేదు. మిగతా పళ్ళన్నీ మెరిశాయి గానీ, పై వరస ముందుపన్ను ఒక్కటి బూడిదరంగులోనే ఉండిపోయింది. టీ మరక ఒక్క పంటినే వెతుక్కుంటూ వస్తుందా? ఆ మాట అప్పుడు నాకూ తట్టలేదు. ఇప్పుడు కోపం ఆయన మీద సగం, నా మీద సగం.

చాలా ఏళ్ళ కిందట అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతూ మోకాళ్ళ మెట్టు దగ్గర జారాను. మూతి రాతికి కొట్టుకుంది. పన్ను ఊగలేదు, విరగలేదు. నాలుగు రోజుల్లో మర్చిపోయా. అట్లాంటి దెబ్బకు వేరు కొస దగ్గర రక్తనాళం తెగితే లోపలి నరం చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. లోపల చిందిన రక్తం కుళ్ళి, అందులోని ఇనుము పంటి పైపొర ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్లోకి ఇంకుతుంది. నలుపు అక్కడిది. పైన ఎంత గీకినా పోదు.

మే నెల, గంగమ్మ జాతర రోజులు. రాత్రి పదకొండుకు పై పెదవి బరువెక్కింది. రెండయ్యేసరికి ముక్కు పక్కంతా ఉబ్బి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ ఉప్పుమూట కాచి కాపడం పెట్టబోయింది. పంటి వాపు మీద బయటినుంచి వేడి పెట్టకూడదని మాకెవరికీ తెలీదు. ముట్టుకుంటే ప్రాణం పోతోందని నేనే వద్దన్నా. "ఏం కాదులే నాయనా" అంటూనే అమ్మ పసుపుగుడ్డలో రూపాయి కట్టి తల్లికి మొక్కుకుంది. ముక్కు పక్కనున్న రక్తనాళాల్లోని రక్తం ఇన్ఫెక్షన్‌ను మోసుకుని మెదడు వైపు కూడా పోగలదని తర్వాత విని వణికాను. కన్ను మూసుకుపోతున్నా, మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ పెదవి లోపలివైపు గాటు పెట్టి చీము తీసింది. "చీము పోకుండా మాత్రలు మింగితే అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది అన్నా" అంది. ఆ పిల్లకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

రూట్ కెనాల్ సంగతి అందరికీ తెలిసిందే, దాటేస్తా. రంగు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పంటికి క్యాప్ వేస్తామన్నారు కొందరు. క్యాప్ కోసం మంచి ఎనామిల్‌ను అరగదీయాలి. దానికంటే ముందు లోపలి బ్లీచింగ్ అడగండి. పంటి వెనక రంధ్రంలోంచి, రూట్ కెనాల్‌లో వేరులో నింపిన గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థాన్ని చిగురు అంచు నుంచి 2 మిల్లీమీటర్లు వేరు వైపుకు తీసేస్తారు. దానిమీద 2 మిల్లీమీటర్ల మందాన గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు అడ్డుగా వేస్తారు. ఈ అడ్డు లేకపోతే మందు చిగురు దగ్గర వేరులోకి దిగి, కొన్నేళ్ళకు వేరునే తినేయొచ్చు. పైన రంగు తీసే మందు, సోడియం పెర్బోరేట్ పొడిని నీళ్ళతో తడిఇసుకలా కలిపి కూరి, తాత్కాలిక సిమెంటుతో మూసేస్తారు. వారానికోసారి మార్చాలి. నాకు మూడుసార్లు పట్టింది. రంధ్రం మూసే ఆఖరి ఫిల్లింగ్ వెంటనే పెట్టించుకోకండి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల అతుకు సరిగా పట్టదు. ఒకటి రెండు వారాలు ఆగాలి. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి వేడి చేసే పాత పద్ధతి మాత్రం వద్దనండి.

పళ్ళన్నీ పసుపెక్కితే అది వేరే లెక్క. వక్క, పొగాకు, కాఫీ మరకలు క్లీనింగ్‌తో పోతాయి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించే మందు వారాల తరబడి వాడినా గోధుమరంగు వస్తుంది, అదీ పోతుంది. బోరునీళ్ళ ఫ్లోరైడ్ మచ్చలు మాత్రం చిన్నప్పుడు, చిగురు కింద పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి; ఇప్పుడు నీళ్ళు మార్చినా చెరగవు. నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దారా, ఎనామిల్ అరిగి లోపలి పసుపు డెంటిన్ ఇంకా బయటపడుతుంది. బొగ్గుపొడీ అరగదీసేదే. మా బంధువులు ఈ రెండూ ఇప్పటికీ మానరు!

అమ్మ మొక్కు తీర్చుకుంది, గంగమ్మకు పొంగలి పెట్టింది. పన్ను పక్కదానికంటే ఒక్క ఛాయ తక్కువ, వెలుగులో చూస్తే తప్ప కనబడదు. ఆరు నెలల ఎక్స్‌రేలో వేరు కొసన ఎముక తరిగినచోట కనబడే నల్లమచ్చ చిన్నదైంది. ఏడాదికి మళ్ళీ తీయాలన్నారు.