చలికి జడిసేవాడి కెమెరా

ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి, భుజాన కెమెరా తగిలించుకుని మైపాడు సముద్రపు ఒడ్డుకు వెళ్లి సూర్యోదయాన్ని పట్టుకొచ్చే మిత్రులంటే నాకు గౌరవమే గాని, వారితో పోటీ పడే ఉద్దేశం మాత్రం ఏ కోశానా లేదు. నాకు చలి పడదు. నెల్లూరు చలి కూడా ఒక చలేనా అని లంబసింగి వాళ్లు నవ్వుతారేమో! జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరకు దిగితే చాలు, మా ఊళ్లో మంకీ క్యాపులు బయటికి వస్తాయి. అయితే నన్ను ఇబ్బంది పెట్టేది ఆ అంకె కాదు, ఈశాన్య రుతుపవనాల వానలు వదిలిపెట్టి పోయిన చెమ్మ. ఆ చెమ్మగాలి రెండు రోజులు పీల్చానంటే మూడో రోజుకు ఆయాసం మొదలవుతుంది. నాలుగైదేళ్లు మొండిగా తిరిగి చూసి, సంక్రాంతి ముగ్గులకు బదులు మందుల చీటీలు పోగుచేసుకున్న తరువాత ఆ ప్రయత్నం మానుకున్నాను.

మానుకున్నది తెల్లవారుజామును గాని ఫోటోలను కాదు. ఇంట్లోనే ఉండి, పొద్దెక్కిన తరువాతే కెమెరా తీయాలని నియమం పెట్టుకున్నాక ఒక సంగతి అర్థమైంది. ఎండాకాలంలో నెత్తిమీద నిలబడే సూర్యుడు చలికాలంలో దక్షిణానికి వాలి, వెలుతురును స్వయంగా ఇంట్లోకి తెచ్చి ఇస్తాడు. నెల్లూరు సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, డిసెంబరు 22 ప్రాంతంలో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తును మించడు. చూరు అడ్డం లేకపోతే, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున్న దక్షిణపు కిటికీ అంచు నుంచి ఎండ మీటరున్నర దాకా గదిలోకి వచ్చి పడుతుంది. జూన్‌లో అదే కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ చుక్క కూడా రాదు, ఎందుకంటే అప్పుడు సూర్యుడు మనకు ఉత్తరం వైపుకు జరిగి ఉంటాడు. అందుకు భిన్నంగా ఉత్తరపు గోడ మీద సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా నేరుగా ఎండ పడనే పడదు. ఆరు నెలల పాటు ఉత్తరపు కిటికీలోంచి వచ్చేదంతా ఆకాశపు వెలుతురే. స్టూడియోలలో పెద్ద తెల్లగుడ్డ కట్టి, దీపాలు పెట్టి తెప్పించుకునే మెత్తని వెలుతురు అదే.

మూలాపేటలోని మా పాత ఇంట్లో అలాంటి కిటికీ ఒకటి ఉంది. ఉదయం తొమ్మిదింటికి అమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంది. ఆమె ముఖాన్ని నేరుగా కిటికీ వైపు తిప్పితే వెలుతురు చప్పగా పరుచుకుంటుంది; సగం పక్కకు తిప్పితే ముడతలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. చీకటి పడిన చెంప మరీ నల్లబడుతుందనిపిస్తే, అటువైపు కుర్చీ వీపు మీద ఉతికిన తెల్లపంచె ఒకటి ఆరవేస్తాను. దానికి మించిన రిఫ్లెక్టరు నేను ఇంతవరకు కొనలేదు. కుర్చీని కిటికీకి దగ్గరగా జరిపితే వెలుతురు ఇంకా మెత్తబడుతుంది, వెనక గోడ చీకట్లోకి పోతుంది. దూరంగా జరిపితే గదంతా కనిపిస్తుంది గాని ముఖం మీది నీడల అంచులు గట్టిపడతాయి. ముఖం కంటే చేతులు తీయడమే నాకు ఇష్టం. బొటనవేలి గోరు చిక్కుడుకాయ చివర గుచ్చుకుని, ఈనె దారంలాగా వంకర తిరిగి వచ్చే ఆ ఒక్క క్షణం కోసం ఒక శీతాకాలమంతా ప్రయత్నించాను. నాకు నచ్చినవి రెండే వచ్చాయి.

చలికాలంలో వంటింట్లో మరొక లాభం ఉంది. గాలి చల్లగా ఉంటే ఆవిరి బాగా గట్టిపడి తెల్లగా కనిపిస్తుంది. మే నెలలో పొగలు కక్కే అన్నం కూడా ఫోటోలో చల్లారినట్టే ఉంటుంది, జనవరిలో కాఫీ గ్లాసు మీద కూడా పొగ తీగలు సాగుతుంది. అయితే ఆవిరి కనబడాలంటే వెలుతురు దాని వెనక నుంచో పక్క నుంచో రావాలి, దాని వెనక చీకటి ఉండాలి. తెల్ల టైల్సు గోడ ముందు ఎంత పొగ వచ్చినా వృథాయే. మా ఇంట్లో భోగికి ముందు అరిసెలు వండే రోజున, పొయ్యి వెనక గోడకు నల్ల శాలువా వేలాడదీసి, ఫ్లాష్ ఆపేసి, షట్టరు వేగం సెకనులో 200వ వంతుకు తగ్గకుండా పెట్టుకుని ఓ మూల నిలబడతాను. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కినప్పుడు అంచుల వెంట కారే నూనె, మీద నువ్వుల మెరుపు దగ్గర నుంచి చూడదగ్గవి. శాలువాకు పట్టిన నూనె వాసన గురించి ఇంట్లో ఎవరినీ అడక్కపోవడం మంచిది.

ముగ్గుల కోసం ఐదింటికి లేవనక్కర్లేదు. ఆరున్నర దాటాక పొద్దు పొడిచి, ఎనిమిదింటికి ఏటవాలుగా ఎండ పడుతున్నప్పుడు మేడమీది నుంచి చూస్తే ముగ్గు గీతలు నేలమీద ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, గొబ్బెమ్మ నీడ దాని ఎత్తుకు సుమారు మూడింతలు సాగి ఉంటుంది.

పక్షులకైనా చీకటితోనే బయలుదేరాలనే మాటను నేను సగమే ఒప్పుకుంటాను. మా పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతులు (పెలికాన్లు) బరువైన పక్షులు. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచినప్పుడు ఆ గాలిని ఆసరా చేసుకుని రెక్కలు ఆడించకుండానే చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. కాబట్టి పదింటికి టిఫిను తిని తాపీగా వెళ్లినవాడికే ఆ విన్యాసం బాగా దొరుకుతుంది. పిల్లలకు మేత తెచ్చే రాకపోకలు ఎలాగూ పగలంతా ఉంటాయి. పులికాటు సరస్సులోని రాజహంసలకు (ఫ్లెమింగోలకు) మాత్రం ఈ సూత్రం పనికిరాదు. అవి దూరంగా, పలచని నీళ్లలో నిలబడి ఉంటాయి. పొద్దెక్కితే మధ్యలో గాలి అలలాడి, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పక్షి అంచులు కరిగిపోయినట్టు వస్తాయి. అక్కడికి సాయంత్రం వెళ్లాలి.

ఇంట్లో ఉంచినంత మాత్రాన కెమెరా భద్రమని నేను అనను. ఒకసారి వానల కాలమంతా 50 మి.మీ. లెన్సును తోలు సంచీతో సహా చెక్క బీరువాలో, బట్టల మధ్య దాచిపెట్టాను. జనవరిలో తీసి దీపం ముందు పట్టుకుని చూస్తే అద్దాల లోపల సాలెగూడు లాంటి సన్నని తెల్ల పోగులు అల్లుకుని ఉన్నాయి. బూజు పట్టిందన్నమాట. బాగుచేస్తామని తీసుకున్న దుకాణం వారు పోగులతో పాటు అద్దం మీది పూతను కూడా గీకి ఇచ్చారు. అప్పటి నుంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను, వారానికొకసారి లెన్సును వెలుతురుకు చూపిస్తున్నాను.

చెక్ దేశపు ఫోటోగ్రాఫరు యోసెఫ్ సుదెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్నాడు. 1940 నుంచి పద్నాలుగేళ్ల పాటు ప్రాగ్ నగరంలోని తన స్టూడియో కిటికీనే, అద్దం మీది ఆవిరితో, వాన చుక్కలతో, మంచుతో సహా తీస్తూ వచ్చాడు. మన కిటికీలకు మంచు పట్టదు గాని నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండం పడితే వాన చుక్కలకు కొదవ ఉండదు. అద్దం మీది ఒక చుక్కకు వీలైనంత దగ్గరగా ఫోకస్ చేసి చూడండి. ఎదురింటి మేడ, కరెంటు స్తంభం, వీధి మొత్తం తలకిందులుగా ఆ చుక్కలో ఇమిడి ఉంటాయి.

ఆ తలకిందుల వీధిని గదంత పెద్దదిగా చూడాలన్న కోరికతోనే నా అతి పెద్ద కెమెరా తయారైంది. కెమెరా అన్న మాటకు లాటిన్‌లో గది అనే అర్థం. నేను చేసిందల్లా ఉత్తరపు కిటికీకి టీవీ డబ్బా అట్టలు బిగించి, సందులకు నల్ల టేపు అంటించి, అట్ట మధ్యలో పెన్ను దూరేంత రంధ్రం చేయడం. ఉత్తరపు కిటికీయే ఎందుకంటే, దానికి ఎదురుగా ఉన్న ఇళ్ల ముఖాలు దక్షిణానికి ఉంటాయి గనుక చలికాలపు ఎండ దాదాపు పగలంతా వాటి మీదే పడుతుంది. అవతలి వైపు ఎంత వెలుగుంటే ఇవతలి గోడ మీద బొమ్మ అంత స్పష్టం. రంధ్రం చిన్నదైతే బొమ్మ పదునెక్కుతుంది, కాని దాని వెలుగు తగ్గుతుంది. తలుపు మూసుకున్న వెంటనే ఏమీ కనిపించదు. ఐదారు నిమిషాలు ఓపిక పడితే, ముందు గోడ అడుగున నీలంగా ఆకాశం, దానిపైన తిరగబడిన మేడ, కప్పు దగ్గర వీధి తేలుతాయి. కూరగాయల బండి కప్పు వెంట చక్రాలు పైకి పెట్టుకుని నడిచిపోతుంది. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఐ.ఎస్.ఓ. (వెలుతురును పట్టే సున్నితత్వం) 800 వద్ద 30 సెకన్లు తెరిచి ఉంచితే గోడ మీది ఇళ్లు వస్తాయి, బండి మాత్రం ఆనవాలు లేకుండా మాయమవుతుంది. అది కంటికే దక్కాలి.

మొదటిసారి అమ్మ తలుపు నెట్టుకుని వచ్చి, "ఏందిరా అబ్బయ్యా, పట్టపగలు గది చీకటి చేసుకోని కూర్చున్నావు?" అని కోప్పడింది. మంచం మీద కూర్చోబెట్టి కాసేపు ఆగమన్నాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఆమె మాట్లాడడం మానేసి గోడనే చూస్తూ ఉండిపోయింది. ఎదురింటి మేడమీద దండెం నుంచి ఆకుపచ్చ చీర ఒకటి గాలికి జారి, మా గోడ మీద మెల్లగా పైకి పోయింది.

"వాళ్ల చీర వీధిలో పడిపోయింది, పోయి చెప్పు" అంది అమ్మ.