ఆరు కోట్ల కప్పుల చాయ్

కన్సల్టింగ్ వైపు, అంటే కంపెనీలకి సలహాలిచ్చే ఉద్యోగాలకి, ప్రిపేర్ అవుతున్నవాళ్ల కోసం నా ఇంటర్వ్యూ గురించి రాస్తున్నాను. మొదటి రౌండ్ ఆన్‌లైన్ టెస్ట్. చార్టులు, శాతాలు, అంతే. బ్యాంక్ పరీక్షలకి డేటా ఇంటర్‌ప్రెటేషన్ చేసినవాళ్లకి కొత్తేమీ కాదు. నన్ను ముంచింది రెండో రౌండ్, గచ్చిబౌలి ఆఫీసులో.

కూర్చోగానే మేడమ్ అడిగారు: "హైదరాబాద్‌లో రోజుకి ఇంటి బయట ఎన్ని కప్పుల టీ అమ్ముతారు?" దీన్ని గెస్టిమేట్ అంటారు. కచ్చితమైన జవాబు వాళ్ల దగ్గరా ఉండదు, మనం ఎలా విడగొడతామన్నదే చూస్తారు. జనాభా కోటి అనుకున్నాను. పిల్లల్ని, బయట తాగనివాళ్లని తీసేస్తే 40 లక్షలు. తలకి కప్పున్నర, మొత్తం 60 లక్షలు. ఇక్కడిదాకా బాగానే ఉంది. చిన్నప్పట్నుంచీ మనం లెక్కపెట్టింది లక్షల్లో, అక్కడ చెప్పాల్సింది మిలియన్లలో. "సిక్స్‌టీ మిలియన్" అనేశాను. ఆవిడ నవ్వకుండా, "అంటే ఉయ్యాల్లో పిల్లలతో సహా తలకి ఆరు కప్పులా?" అన్నారు. చెవులు వేడెక్కాయి. పది లక్షలు ఒక మిలియన్ అని తెలీక కాదు. కాగితం మీద సున్నాలు వేసి చూసుకుని, ఆరు మిలియన్లని దిద్దుకున్నాను. పర్లేదన్నారు.

తర్వాత కేసు, అంటే ఒక వ్యాపారం సమస్య ఇచ్చి మనతో విప్పించడం. టిఫిన్ సెంటర్ల చైన్ ఒకటి. అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది, ఎందుకు? బట్టీ పట్టిన ఫ్రేమ్‌వర్క్ మొత్తం గీసేశాను: రాబడి, ఖర్చు, పోటీ, మార్కెట్... "ఏ కేసు ఇచ్చినా ఇదే గీస్తారా?" అని ఆపేశారు. అడగాల్సింది ఒక్కటే: పెరిగిన అమ్మకాలు ఎక్కణ్నుంచి వచ్చాయి? అది పది నిమిషాలు పోయాక తట్టింది. కౌంటర్లో తగ్గి, డెలివరీ యాప్‌లో పెరిగాయట. ఆవిడ ఇచ్చిన లెక్క ప్రకారం 100 రూపాయల దోసె మీద కౌంటర్లో 30 మిగులుతుంది. యాప్‌లో కమీషన్ 25, డబ్బాకి, చట్నీ ప్యాకెట్లకి 8. అంటే మూడు రూపాయలు ఎదురు. "యాప్‌లో ధర పెంచాలి" అన్నాను. పెంచితే ఆర్డర్లు ఎంత పడిపోతాయో చెప్పమనేసరికి టైమ్ అయిపోయింది.

పది రోజులకి సారీ మెయిల్ వచ్చింది, కారణం లేకుండా. అంతసేపు కూర్చోబెట్టినవాళ్లు రెండు ముక్కలు రాస్తే ఏం పోయింది?

ప్రాక్టీసుకి నేను చేసిన 40 కేసుల్లో 30 మనసులోనే చేశాను, నోరు తెరిచి కాదు. అక్కడే దెబ్బతిన్నాను. ఇప్పుడు పేపర్లో కనబడ్డ ప్రతి కోటినీ మిలియన్లలోకి మార్చి పైకి చదువుతుంటే రూమ్మేట్ విసుక్కుంటున్నాడు. వచ్చే నెల ఇంకో కంపెనీ ఉంది. కూకట్‌పల్లి వైపు ఎవరైనా కేసు పార్ట్‌నర్ కోసం చూస్తుంటే చెప్పండి, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీయే.