కప్పముక్కు చెప్పుల కంపెనీ

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు పాదరక్షల మీద అభిప్రాయాలు ఎక్కువ. నైకీ ప్రధాన కార్యాలయం పక్కనే బీవర్టన్‌లో ఉంది. అడిడాస్ ఉత్తర అమెరికా కార్యాలయం నగరంలోనే ఉంది. అడవి బూట్లకు పేరుపడ్డ డానర్ కూడా ఇక్కడిదే. మా పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళితే కంప్యూటర్ చిప్పులు చేసేవాళ్లు సగం, చెప్పులు గీసేవాళ్లు సగం అనిపిస్తుంది. నేను చిప్పుల వైపు మనిషిని. హిల్స్‌బరోలో ఒక కర్మాగారంలో రసాయన ప్రక్రియలు చూసే ఇంజనీరును.

ఇన్ని కంపెనీల మధ్య నాకు నచ్చినది అందాల పోటీ పెడితే ఆఖరున నిలిచేది. దాని పేరు కీన్. 2003లో న్యూపోర్ట్ అనే ఒక్క మోడల్‌తో బయటికి వచ్చింది. చూడటానికి శాండల్, కానీ వేళ్ల ముందు నల్లటి రబ్బరు గోడ ఉంటుంది. పడవల మీద తిరిగేవాళ్ల వేళ్లు దేనికీ కొట్టుకోకుండా ఉండాలన్నది అసలు ఆలోచన. ఫలితంగా చెప్పు ముందు భాగం కప్ప ముక్కులా తయారైంది. తణుకు నుంచి వచ్చిన మా అమ్మ దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది చెప్పా, బూటా? ముందు ఏదో ఒకటి తేల్చుకోమను" అంది. అయినా కొనుక్కుంది. బొటనవేలికి గుమ్మం తగిలి గోరు ఊడిన అనుభవం ఆవిడకు ఉంది మరి.

ఈ కంపెనీ గురించి ఊళ్లో అందరూ చెప్పే కథ ఒకటుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. కంపెనీ పుట్టి అప్పటికి రెండేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. మరుసటి ఏడాది ప్రకటనల కోసం సుమారు పది లక్షల డాలర్లు పక్కన పెట్టుకున్నారు. ఆ సొమ్మును ప్రకటనలకు కాకుండా సహాయానికి మళ్లించారు. పేరు నిలబెట్టుకోవాల్సిన వయసులో ఉన్న కంపెనీ ప్రకటనలు మానుకోవడం చిన్న విషయం కాదు. ఆ సునామీ మన కోస్తాలో కూడా నూరు మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. ఏ దేశంలో ఏ చెప్పుల కంపెనీ ఏం చేసిందో తెలిసే అవకాశం లేదు. తర్వాత విన్నప్పుడు మంచి పనే అనుకున్నాను. అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. డబ్బు ఇవ్వడం మంచిదే, కానీ ఇచ్చిన ప్రతిసారీ ఆ కథ కంపెనీకి ప్రకటనగా తిరిగి వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత నేను దాన్ని ఇక్కడ రాస్తున్నానంటే ఆ పది లక్షలు బాగానే పనిచేసినట్లు లెక్క.

2015లో చేసిన పని ఇంకాస్త సాహసమైనది. పసుపు రంగు పాత మోటార్ హోమ్, అంటే ఇల్లులా వాడుకునే బండి, ఒకటి తీసుకుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు బయలుదేరారు. అమెరికాలో 1906 నాటి చట్టం ఒకటుంది. దాని కింద అధ్యక్షుడు ఒక్క సంతకంతో ప్రభుత్వ భూమిని జాతీయ స్మారకంగా ప్రకటించవచ్చు. అలా ప్రకటిస్తే అక్కడ కొత్త గనులకు, తవ్వకాలకు దాదాపుగా దారి మూసుకుపోతుంది. కీన్ వాళ్లు ఐదు ప్రాంతాలను, కలిపి ముప్పై లక్షల ఎకరాలకు పైగా, కాపాడాలంటూ జనం చేత సంతకాలు పెట్టించారు. ఐదింట్లో మూడు గట్టెక్కాయి. ఐడహోలోని బౌల్డర్ వైట్ క్లౌడ్స్‌కు అదే ఏడాది ఆగస్టులో చట్టసభ ద్వారానే రక్షణ దొరికింది. కాలిఫోర్నియా ఎడారిలోని మొహావీ ట్రెయిల్స్, సుమారు పదహారు లక్షల ఎకరాలు, 2016 ఫిబ్రవరిలో ఒబామా జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఎడారి తాబేళ్లు, రాళ్ల మీద ప్రాచీన చెక్కడాలు ఉన్న నెవాడాలోని గోల్డ్ బ్యూట్‌కు ఆ ఏడాది డిసెంబరు చివర్లో అదే గౌరవం దక్కింది. ఈ మూడింటి కోసం స్థానికులు, ఆదివాసీ తెగలు, పర్యావరణ సంఘాలు ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్నాయి. గెలుపు చెప్పుల కంపెనీది అనలేం. ఆ పోరాటంలో ఒక కంపెనీ తన పేరు పణంగా పెట్టి నిలబడింది, అంతే.

గట్టెక్కని రెండింట్లో ఒకటి మా రాష్ట్రంలోదే. ఒరెగాన్ ఆగ్నేయ మూలన ఒవైహీ లోయలు ఉన్నాయి. మనుషులకన్నా పశువులు ఎక్కువగా కనిపించే ప్రాంతం. అక్కడి పశువుల పెంపకందారులు స్మారకం ప్రతిపాదనను గట్టిగా ఎదిరించారు. ఆ కోపంలో నాకు న్యాయం కనిపిస్తుంది. పోర్ట్‌లాండ్ నుంచి కారులో ఏడెనిమిది గంటల దూరంలో ఉన్న నేలను కాపాడమని పోర్ట్‌లాండ్‌లో కాఫీ తాగుతూ సంతకం పెట్టడం తేలిక. ఆ నేల మీద ఆవుల్ని మేపుకుని బతికేవాడికి సంతకం పెట్టినవాళ్ల పేరు కూడా తెలియదు. నల్లమలలో పులుల కోసం చెంచుల్ని ఊళ్లు ఖాళీ చేయమన్న చర్చ తెలిసినవాళ్లకు ఈ చిక్కు కొత్తగా చెప్పనక్కరలేదు. పసుపు బండి అందంగానే ఉంది. కానీ ఈ ఒక్క చోట అది సగం మందితో మాట్లాడి ముందుకు వెళ్లిపోయిందని నా అభిప్రాయం.

నేను ఈ కంపెనీని నిజంగా గౌరవించడం మొదలుపెట్టింది మరో పని వల్ల. అది ప్రకటనల్లో పెద్దగా మెరవదు. ఫొటో తీయడానికి అందులో ఏమీ లేదు.

వాన చినుకు జాకెట్ మీద ముత్యంలా నిలిచి జారిపోవడం చూసే ఉంటారు. ఆ పూతల్లో దశాబ్దాలుగా వాడినవి పీఫాస్ జాతి రసాయనాలు. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ఏర్పడే బంధం కర్బన రసాయనాల్లోకెల్లా బలమైన వాటిలో ఒకటి. అందువల్లే నీళ్లు, నూనె, మురికి ఏదీ అంటదు. అందువల్లే అవి మట్టిలో, ఏటి నీటిలో, మన రక్తంలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. వీటిలో కొన్నింటికి క్యాన్సర్‌తో, కాలేయం, థైరాయిడ్ సమస్యలతో సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అడవిని ప్రేమించి అడవికి వెళ్లేవాడు, తన బూటు పూత నుంచి వాటిని ఆ అడవి ఏట్లోనే వదిలి వస్తాడన్నమాట.

నా ఉద్యోగంలో ఈ రసాయనాలు నాకు పరాయివి కావు. చిప్పుల తయారీలో సిలికాన్ పలకల మీద గీతలు అచ్చువేసే దశలో వీటి అవసరం ఇంకా పూర్తిగా తీరలేదు. ప్రత్యామ్నాయం వెతకడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒక పదార్థం మారిస్తే దాని వెనుక ఇరవై పదార్థాలు అలుగుతాయి. అందుకే కీన్ వాళ్లు 2014లో మొదలుపెట్టి 2018 నాటికి తమ బూట్ల తయారీ నుంచి పీఫాస్‌ను తొలగించామన్నప్పుడు ముందు నమ్మలేదు. వాళ్లు చేసిన పద్ధతి చదివాక నమ్మకం కుదిరింది.

మొదట చేసింది కొత్త రసాయనం కనిపెట్టడం కాదు. ఏ భాగంలో ఏ పూత ఉందో సరఫరాదారుల్ని ఒక్కొక్కరినీ అడిగారు. తాడుకు, పట్టీకి, లోపలి గుడ్డకు, కుట్టుకు, అన్నింటికీ లెక్క తీశారు. తీరా చూస్తే వాటిలో ఎక్కువ చోట్ల ఆ పూత అవసరమే లేదు. నీళ్లలోకి దిగడానికే చేసిన చెప్పు పట్టీకి నీళ్లు అంటకుండా పూత ఎందుకు? ఎవరూ అడగలేదు కాబట్టి ఉంది. అడిగితే పోయింది. నిజంగా అవసరమైన వాటికి మాత్రమే వేరే పూతలు వెతికి పరీక్షించారు. ఆ తర్వాత కూడా తలనొప్పి తీరలేదు. ఒకే కర్మాగారంలో ఒకే యంత్రం మీద పక్క కంపెనీ బూటు కూడా తయారవుతుంది. దాని పూత తాలూకు ఆనవాళ్లు దీనికి అంటుకుంటాయి. చిప్పులు తయారయ్యే శుభ్రగదిలో ధూళి రేణువు కోసం రోజంతా వెతికే ఉద్యోగం నాది, ఆ బాధ నాకు చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి. ఈ పద్ధతిని వాళ్లు దాచుకోలేదు. మిగతా కంపెనీలు కూడా అనుసరించేలా బయటపెట్టారు. కాలిఫోర్నియాలో బట్టల్లో ఈ రసాయనాలను, కొన్ని మినహాయింపులతో, నిషేధించే చట్టం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంటే చట్టం మెడ మీదకు రావడానికి దాదాపు ఏడేళ్ల ముందే వీళ్లు ఆ పని పూర్తి చేశారు.

కంపెనీ ఒక కుటుంబం చేతిలో ఉండటం దీనికి ఒక కారణమని నా ఊహ. మూడు నెలలకోసారి వాటాదారులకు లాభం చూపించాల్సిన చోట, నాలుగేళ్ల పాటు ఎవరికీ కనిపించని పని చేయించడం కష్టం. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను, ఇంతకన్నా వివరంగా చెప్పను.

ఇక మనుషుల సంగతి. కీన్ లాంటి కంపెనీలు చిన్న చిన్న సంఘాలకు సొమ్ము ఇస్తుంటాయి. ఆరుబయటి క్రీడల సామాన్లు చేసే కంపెనీలు కలిసి పెట్టుకున్న కన్సర్వేషన్ అలయన్స్ అనే కూటమి కూడా ఉంది. 1989లో నాలుగు కంపెనీలతో మొదలైంది. కానీ డబ్బు తీగలు పీకదు. తీగలు పీకడానికి వంగే నడుములు కావాలి.

పోర్ట్‌లాండ్ నగరం లోపలే ఫారెస్ట్ పార్క్ అని ఐదు వేల ఎకరాలు దాటిన అడవి ఉంది. ఆ అడవికి ఇంగ్లిష్ ఐవీ అనే తీగ పెద్ద శత్రువు. యూరప్ నుంచి ఇళ్ల గోడల అందం కోసం తెచ్చుకున్నారు. అది కంచె దాటి అడవిలోకి పోయి డగ్లస్ ఫర్ చెట్లను చుట్టేసింది. నేల మీద పాకినంత సేపు దానికి పండ్లు కాయవు. చెట్టెక్కి వెలుతురు తగిలాకే పూస్తుంది, కాస్తుంది, పక్షులు ఆ గింజల్ని మైళ్ల దూరం మోస్తాయి. అందుకని ముందు చెట్ల మీది తీగను నడుము ఎత్తులో చుట్టూ కోసేయాలి. పైభాగం అక్కడే ఎండిపోతుంది, దాన్ని లాగకూడదు. లాగితే ఎండు కొమ్మలు నెత్తి మీద పడతాయి. తర్వాత చెట్టు మొదలు చుట్టూ వేళ్లతో సహా పీకేయాలి.

మా తెలుగు కుటుంబాలు కొన్ని శనివారం పొద్దున్నే అక్కడికి వెళుతున్నాయి. అంతకుముందు మా వారాంతాలు పుట్టినరోజు విందుల్లో, బిర్యానీ ఎవరింట్లో బాగుందన్న తీర్పుల్లో గడిచేవి. ఇప్పుడూ గడుస్తున్నాయి, కాకపోతే మధ్యాహ్నం నుంచి. పెద్దవాళ్లు కూడా వస్తారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన గుంటూరు వైపు పెద్దాయన ఒకరు మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చి, మొదటి రోజు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఇంత పచ్చటి తీగను పీకేయడం పాపం కాదా అమ్మాయ్?" అన్నారు. మిరప పండించిన మనిషి. "బాబాయ్ గారూ, ఇది ఇక్కడి వయ్యారిభామ" అన్నాను. మన పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన తెల్ల పూలతో గుబురుగా పెరిగే ఆ కలుపు మొక్కను ఏ రైతూ క్షమించడు. ఆయన మరి మాట్లాడలేదు. ఆ రోజు మా అందరికంటే పెద్ద కుప్ప ఆయనదే. పక్కన పనిచేస్తున్న అమెరికన్ కుర్రాడికి వేరు తెగకుండా మణికట్టు ఎలా తిప్పాలో తెలుగులోనే నేర్పారు, వాడు నేర్చుకున్నాడు. పని అయ్యాక పులిహోర డబ్బాలు తెరిస్తే ఆ కుర్రాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

అందరి కాళ్లకూ కీన్ బూట్లేమీ లేవు. పెద్దాయన కాన్వాస్ బూట్లతోనే వచ్చారు. పాత కాన్వాస్ బూట్లు తీగలు పీకడానికి చక్కగా పనికొస్తాయి, కొత్తవి కొనాల్సిన పని లేదు. ఈ మాట చెబితే కంపెనీలకు నచ్చదని తెలుసు.

ఇంతకూ చెప్పుల కంపెనీలన్నింటి మీదా నాకు మిగిలిన పేచీ అడుగు దగ్గర. ఇప్పుడు వచ్చే శాండళ్లలో ఎక్కువ భాగం అడుగును అతికించేస్తారు. పైభాగం ఇంకో పదేళ్లు బతికేలా ఉన్నా అడుగు అరిగితే మొత్తం చెత్తబుట్ట పాలే. కుట్టి చేసే బూట్లకైతే డానర్ లాంటి కంపెనీలు కొత్త అడుగు వేసి ఇస్తాయి. చాలా శాండళ్లకు ఆ అదృష్టం లేదు. రసాయనం తీసేయగలిగినవాళ్లు అడుగు మార్చుకునే చెప్పు చేయలేరా అని నాకు అనుమానం. చేయగలరు. కాకపోతే రెండో జత అమ్ముడుపోదు. చెట్లు నాటడం, సంతకాలు పెట్టించడం కన్నా ఇది వ్యాపారానికి దగ్గరగా తగిలే ప్రశ్న, అందుకే జవాబు ఆలస్యమవుతోంది.

అమ్మ మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి నడిచాక అడుగు నున్నగా అరిగిపోతే, తణుకులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి లారీ టైరు ముక్క వేయించి చుట్టూ కుట్టించుకుంది. నూట యాభై రూపాయలు తీసుకున్నాడట. బరువు పెరిగిందనీ, తడి గచ్చు మీద కాస్త జారుతోందనీ నిన్న ఫోనులో ఫిర్యాదు. అడ్డంగా నాలుగు గాట్లు పెట్టించమన్నాను. పెట్టించి చెబుతానంది.