ఒకే ఎండ, ఇసుకకూ నీటికీ వేర్వేరు లెక్క

మే నెల మధ్యాహ్నం విశాఖ రామకృష్ణా బీచ్‌లో చెప్పులు చేత పట్టుకుని దిగిన మేము, అరికాళ్లు చుర్రుమనడంతో నీళ్లవైపు పరుగెత్తాము. ఉదయం నుంచి అదే ఎండలో ఉన్న సముద్రం మాత్రం చీలమండలకు చల్లగానే తగిలింది.

కిలో నీటిని ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 4,180 జౌళ్ల ఉష్ణం కావాలి. కిలో పొడి ఇసుకకు దాదాపు 800 జౌళ్లు చాలు. అంటే నీటిని ఒక డిగ్రీ పెంచే ఉష్ణం, అంతే బరువున్న ఇసుకను సుమారు అయిదు డిగ్రీలు పెంచుతుంది. ఇలా కిలో పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించే ఉష్ణమే, బడిలో మార్కుల కోసం వల్లించిన విశిష్టోష్ణం. వేడి, ఉష్ణోగ్రత ఒకటి కావని 18వ శతాబ్దంలోనే స్కాట్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ స్పష్టం చేశాడు.

అయితే ఘనతంతా విశిష్టోష్ణానికే కట్టబెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఇసుక రేణువుల మధ్య గాలి నిండి ఉండడం వల్ల వేడి లోపలికి సులువుగా దిగక పైపొరలోనే నిలిచిపోతుంది. కాలివేళ్లతో కాస్త తవ్విచూస్తే అడుగున చల్లని తడి ఇసుక తగిలింది. సముద్రంలోనేమో ఎండ లోతుకు చొచ్చుకుపోతుంది, అలలు ఆ వేడిని కలిపేస్తాయి, ఆవిరయ్యే నీరు మరికొంత పట్టుకుపోతుంది.

నేల ఇలా త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేవడం వల్లనే పగటిపూట సముద్రపు గాలి ఊళ్లోకి వీస్తుంది. లోతట్టున ఉన్న రెంటచింతల నిప్పులు చెరిగే రోజుల్లో విశాఖకు ఆ గాలే కొంత ఊరట. ఉక్కపోత మాత్రం తప్పదు.