యు కోడ్ వచ్చిందని మాడ్యూల్ మార్చకండి

రాయగడలోని మా షెడ్డుకు, ముఖ్యంగా వానలు వెనకబట్టాక, ఇంజిన్ చక్కగా నడుస్తూనే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ), స్టీరింగ్ దీపాలు కలిసి వెలుగుతున్న కార్లు వస్తుంటాయి. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో యు0121 (సంబంధం తెగితే వచ్చే యు కోడ్‌లలో ఒకటి) కనిపిస్తే ఏబీఎస్ మాడ్యూల్‌తో, అంటే దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాతో, సంబంధం తెగిందని అర్థమే తప్ప, ఆ మాడ్యూల్ పాడైందని కాదు. ఈ తేడా చూడకుండా ఖరీదైన డబ్బా కొనిపించడం నా దృష్టిలో అన్యాయం.

క్యాన్ అనే పద్ధతిలో కారులోని మాడ్యూళ్లు మెలివేసిన రెండు తీగల మీద సమాచారం పంచుకుంటాయి. ఆ జత రెండు చివర్లలోనూ 120 ఓమ్‌ల నిరోధకాలు ఉంటాయి కనుక, బ్యాటరీ టెర్మినల్ విప్పి కాసేపు ఆగి, ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. సున్నాకు దగ్గరగా వస్తే తీగలు రెండూ ఎక్కడో కలిసినట్టు. (సాకెట్‌కూ ఆ తీగలకూ మధ్య గేట్‌వే, అంటే సమాచారాన్ని అటూ ఇటూ చేరవేసే మరో మాడ్యూల్, ఉన్న కార్లలో ఈ కొలతను నమ్మలేము.)

60 వచ్చినా పని అయిపోదు. గుణుపురం నుంచి వచ్చిన ఒక కారు యజమాని "కొత్తది వేయాల్సిందేనా, బాబూ?" అని దిగులుగా అడిగారు. ఏబీఎస్ మాడ్యూల్ ఎర్త్ బోల్టు విప్పి చూస్తే, రింగు కింద ఆకుపచ్చని చిలుము పట్టి ఉంది. గీకి బిగించి, కోడ్ చెరిపి, వేగం పెంచి నడిపినా అది తిరిగి రాలేదు. మాడ్యూల్‌కు కరెంటు, ఎర్త్ సరిగా అందుతున్నాయా అన్నది, లోడు పెట్టి (బల్బు లాంటిది కరెంటు లాగుతుండగా) మరీ, ముందే చూడాలి.